జీడితోటలో స్పెల్లింగులు

ఇప్పుడు నేను చెప్పబోయేది అల్లాటప్పా వ్యవహారం కాదు. ఇందులో అరణ్యముంది. అరణ్యంలో మృగముంది. మృగానికి ఎదురు నడిచిన ఒంటరి కన్య ఉంది. మంత్రోచ్చారణ ఉంది, కర్రలు పట్టుకుని పొంచి ఉన్న సైన్యముంది, ఉరుములున్నాయి. కాగితం దొరకాలేగానీ పర్వాలకు పర్వాలు రాయొచ్చు.

అంత లేదు. అరణ్యమంటే మా ఊరి జీడితోట. కన్య అంటే పదో తరగతి ఇంగ్లీషు తప్పిన నేను. మంత్రాలంటే స్పెల్లింగులు. సైన్యం సంగతి చివర్లో చెప్తాను, వాళ్ళలో చాలామంది ఇంకా మా వీధిలోనే ఉన్నారు కనుక కాస్త మర్యాదగా చెప్పాలి. భయం మాత్రం నిజం. దాన్ని తగ్గించి చెప్పడం నాకు చేతకాదు.

మాది ఉద్దానంలో, అక్కుపల్లికి కాస్త ఇవతల ఒక పల్లె. ఒకవైపు సముద్రం, మిగతా మూడువైపులా కొబ్బరి, జీడి, పనస. తొంభైతొమ్మిది తుఫానుకు ఒరిగిపోయిన కొబ్బరిచెట్లు ఒరిగే కాయలు కాస్తున్న రోజులవి. చెట్లే అలా నెట్టుకొస్తుంటే నేను ఒక్క సబ్జెక్టు తప్పితే ఏమైందిలే అనుకున్నాను. ఆ మాట ఇంట్లో అనలేదు.

మా వీధిలో నాకంటే ముందు పది తప్పిన ఆడపిల్లలున్నారు. ప్రతి ఇంట్లోనూ "మళ్ళీ రాత్తాదిలే" అన్నారు. ఏ పిల్లా మళ్ళీ రాయలేదు. పుస్తకాలు అటకెక్కేవి, పిల్ల జీడిపిక్కల ముందు పీట వేసుకునేది. పిక్క కొడితే కారే జీడి చేతికంటితే చర్మం పొక్కి, నల్లబడి, ఊడుతుంది. మా అమ్మ వేళ్ళు చూస్తే ఎవరి వేలిముద్రో పోలీసులు కూడా చెప్పలేరు. నేను ఇంట్లో జోకులేసినప్పుడల్లా ఆ వేళ్ళతోనే మొట్టేది, అందుకని వాటి గురించి నాకు బాగా తెలుసు.

ఫలితాలొచ్చిన రోజు నాన్న కేకలు వేయలేదు. తువ్వాలు దులిపి భుజానేసుకుని, "జూన్‌లో మళ్ళీ పెడతారంట గదా. ఒక్కపాలి రాయి. పాసైతే పలాస కాలేజీ. లేపోతే మీ అమ్మ పక్కన పీటేసుకో" అన్నాడు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. మామూలు గొంతుతో అనేసరికి ఏడవడం కూడా కుదరలేదు.

కాసిబుగ్గలో ఒక మేడమీద గదిలో ట్యూషన్. మాస్టారు నన్ను ఒక పేరా రాయమని, చూసి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నీకు చెవి బాగా పనిచేస్తోంది. కన్ను పనిచేయట్లేదు" అన్నారు. స్నేహితురాలిని కలుస్తాను అని రాయబోయి స్నేహితురాలిని మాంసం అని రాశాను. పలకడానికి రెండూ 'మీట్' కదా అన్నాను. "నీ స్నేహితురాలిని అడిగి చూడు, రెండూ ఒకటేనేమో" అన్నారు.

అప్పటినుంచి రోజూ అవే. ఒకేలా పలికి వేరేగా రాసే మాటలు. ఆయన ఒక మాట ఒక్కసారి అని ఊరుకునేవారు. తరువాత ఫ్యాను కిటకిట తప్ప చప్పుడుండేది కాదు. "సీ." మళ్ళీ నిశ్శబ్దం. అందరం తలలు వంచేసేవాళ్ళం. ఎవరో ఒకరి వైపు వేలు లేచేది. "ఏ సీ?" ఆయన కొట్టేవారు కాదు. జవాబు వచ్చేదాకా కళ్ళార్పకుండా చూసేవారు. కొడితే బాగుండునని మాలో కొందరం దేవుడికి మొక్కుకున్నాం.

"గుర్తులు నన్నడగొద్దు. నా గుర్తు నా బుర్రలోనే నిలుస్తుంది. మీ గుర్తు మీరే కట్టుకోండి" అనేవారు. కట్టుకున్నాం. ఎస్-ఇ-ఇ సీ అంటే చూడడం, రెండు ఇ-లు పక్కపక్కన రెండు కళ్ళు. ఎస్-ఇ-ఎ సీ అంటే సముద్రం, అందులో ఎ ఉంది, ఎ అంటే అల. మీట్‌లో ఇ-ఎ-టి, ఈట్, కనబడితే తినేది, లేకపోతే కలిసేది. టీకొట్టువాళ్ళ అబ్బాయొకడు స్టీల్ గురించి చెప్పినప్పుడు మాస్టారు కూడా నవ్వారు. "సార్, స్టీలు గ్లాసులో టీ ఉంటాదనుకుంతాం గానీ, ఆ స్పెల్లింగులో లేదండి. టి-ఇ-ఎ ఉన్నది దొంగతనం స్టీల్‌లోనండి. మా కొట్లో కూడా అంతేనండి, టీ తాగీసి ఎలిపోతారు."

ఇక్కడిదాకా భయం మామూలుది. అసలుది సాయంత్రం మొదలయ్యేది.

ఆటో నన్ను జంక్షన్లో దింపేది. అక్కణ్ణుంచి ఊరికి రోడ్డు పక్క ఊరు చుట్టి వెళ్తుంది. జీడితోటలోంచి అడ్డదారి ఉంది, దాంట్లో వెళ్తే దీపం పెట్టేలోపు ఇంట్లో ఉండొచ్చు. కాకపోతే జీడిపళ్ళు రాలి పులిసే కాలం, పనసపండు వాసనేసే కాలం ఎలుగుబంట్లకు కూడా ఇష్టమైన కాలం. ఆ ఏడు పక్క ఊరి మనిషొకడు తెల్లారగట్ట పనసకాయ దింపడానికి వెళ్ళాడు. ఎలుగు ముందు ముఖం మీదకే వస్తుంది. అతన్ని ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకెళ్తుంటే మేం చూశాం, ముఖం మీద తువ్వాలు కప్పారు. తువ్వాలు తెల్లది. తెల్లదని అంచు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

అందుకని మా తోటల్లో ఒక పద్ధతుంది. లోపలికి అడుగు పెట్టేముందు "ఓహోయ్" అని కేకెయ్యాలి. లోపల పిక్కలేరుతున్నవాళ్ళు గానీ, ఎదురొస్తున్నవాళ్ళు గానీ ఎవరున్నా "ఓహోయ్" అని బదులివ్వాలి. తగాదా పడి ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములైనా సరే, తోటలో ఓహోయ్‌కి ఓహోయ్ అనాల్సిందే. బదులివ్వనిది మనిషి కాదు, అంతే లెక్క. ఎలుగుని పేరు పెట్టి పిలవకూడదు. "ముసిలోడు" అనాలి.

మొదట్లో నాన్నమ్మ వచ్చేది నాకోసం. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఖాళీ నూనె డబ్బా. జంక్షన్ దగ్గర నా చెయ్యి పట్టుకుని, తోట మొదట్లో ఒక కేకేసేది. ఆ కేకకి మృగమేమిటి, మామిడిపిందెలు కూడా రాలతాయి. డబ్బా వాయిస్తూ ఆమె ముందు, స్పెల్లింగులు అరుస్తూ నేను వెనక. ఎలాగూ గొంతు ఆడాలి, మర్నాటి డిక్టేషన్ కూడా అయిపోతుంది.

"ఓలే గుంటా, ఆ రొండూ ఒకే కూత గదే?" అంది ఒకరోజు.

"అవును నాన్నమ్మా."

"మరైతే రొండిటికీ ఒకటే ఎందుకెట్టేరు? ఆళ్ళకి మాటల కరువేటే?"

"రాసినప్పుడు తేడా తెలుత్తాది."

"మాటాడినప్పుడో?"

"ఎక్కడ అన్నారో బట్టి మనమే తెలుసుకోవాల."

"అద్గదీ. మన ఓహోయ్ మాత్రం? అన్నానికి పిలిసే ఓహోయ్ వేరు, ముసిలోడొచ్చినప్పటి ఓహోయ్ వేరు. ఎవులరిసేరో, ఎందుకరిసేరో బట్టి తెలీదేటి? అలగని పరిచ్చలెట్టి పిల్లల్ని తప్పించీలేదు మనోళ్ళు."



నా గుర్తుల్లో గొప్పది ఆ తోటలోనే పుట్టింది. హెచ్-ఇ-ఎ-ఆర్ హియర్, వినడం. దాని చివర ఇ-ఎ-ఆర్ ఉంది, చెవి. బి-ఇ-ఎ-ఆర్ బేర్, ముసిలోడు. దాని చివరా చెవే. హెచ్-ఇ-ఆర్-ఇ హియర్, ఇక్కడ, దానికి చెవి లేదు. బి-ఎ-ఆర్-ఇ బేర్, ఏమీ కప్పుకోనిది, దానికీ లేదు. ముసిలోడికి చెవుంది, వినడానికి చెవుంది. కనుక మనం అరవాలి, వాడు వినాలి, విని తప్పుకోవాలి. నాన్నమ్మకు చెప్తే, "సెవుంటే సాలదే, సిగ్గుండాల" అంది.

పరీక్ష దగ్గర పడుతుండగా కంచిలిలో మా మేనత్తకు పురుడొచ్చింది. నాన్నమ్మ వెళ్ళాలి. వెళ్తూ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"రోడ్డు మీంచే రా. తోటలోకి ఒద్దు. ఒకేళ ఒంటిగా ఎల్లాల్సొచ్చిందా, ఓహోయ్ అనకు."

"అదేటి? ముసిలోడొత్తే?"

"ఆడపిల్ల ఒంటిగా కేకేత్తే ముసిలోడు పోతాడు, కుర్రోళ్ళొత్తారు. డబ్బా వాయించు. ఏదో సదువుకో. ఓహోయ్ మాత్రం అనకు."

నాన్న కూడా రోడ్డు మీంచే రమ్మన్నాడు. మొదటిరోజు అలాగే వచ్చాను. రోడ్డు మలుపులో సారా కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు నా వెనక కొంతదూరం నడిచి, నవ్వుకుని, ఆగిపోయారు. ఏమీ జరగలేదు. ఏమీ జరగని దాన్ని ఇంట్లో ఎలా చెప్పాలో తెలియలేదు. మర్నాడు తోటలోంచి వచ్చాను.

డబ్బా నాన్నమ్మతోపాటు కంచిలి వెళ్ళిపోయింది, బాలింతకు నెయ్యి పట్టుకెళ్ళడానికి. కనుక నాకు మిగిలింది గొంతొక్కటే. ఎండిన జీడాకు అడుగేస్తే అప్పడంలా విరుగుతుంది. నేను ఆగాక కూడా ఎక్కడో ఒక అప్పడం విరిగేది. పుట్టల మీద గోళ్ళ గీతలు కొత్తగా కనిపించేవి. నేను మడమలు నేలకానకుండా నడుస్తూ, నా గొంతు నాకే పరాయిదైనట్టు సన్నగా, సాగదీసి అరిచేదాన్ని. "ఎస్-ఇ-ఇ సీ... ఎస్-ఇ-ఎ సీ... బి-ఇ-ఎ-ఆర్ బేర్..." తోటలో ఎవరూ కనిపించేవారు కాదు. ఎక్కడినుంచో ఓహోయ్ వినిపిస్తే నాన్నమ్మ మాట తలచుకుని, దాని మీద స్పెల్లింగు అరిచి బదులు మింగేసేదాన్ని. ఒకసారి ఎవరో పరిగెత్తిన చప్పుడైంది. ముసిలోడే అనుకుని ఇంకా పైకి అరిచాను.

కొన్నాళ్ళకు అమ్మ పిక్కలు కొడుతూ గొంతు తగ్గించి చెప్పింది. తోటలోకి సిల్లంగిది వచ్చిందట. చిల్లంగి అంటే మా వైపు చేతబడి. తాటిచెట్టంత ఆడదట. కాళ్ళు నేలకానవట. పొద్దువాలగానే మనిషి నోట రాని భాషలో మంత్రాలు చదువుకుంటూ తూర్పుకి నడుస్తుందట. పిక్కలేరే ఆడవాళ్ళు విని బుట్టలు వదిలేసి వచ్చేశారట. ఓహోయ్ అంటే పలకదట.

ఇన్నాళ్ళూ ముసిలోడొక్కడే అనుకున్నాను, ఇప్పుడు ముసిల్ది కూడా. నేను రోజూ నడిచే దారిలోనే, నేను నడిచే వేళకే తిరుగుతోందట. ఇంతకాలం దాని కంట పడకుండా ఎలా బతికానో అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. నవ్వకండి.

"ఇంక టూసనొద్దు" అంది అమ్మ.

"పరిచ్చ ఇంకెన్నాళ్ళో లేదు గదా. అది రోడ్డు మీంచి గదా వత్తాది, తోట జోలికెందుకెల్తాది" అన్నాడు నాన్న.

నేను కంచంలోకి చూస్తూ అన్నం కలిపాను. తోటలోంచి వస్తున్నానని చెప్తే ట్యూషన్ ఆ పూటే ఆగిపోతుంది. ట్యూషన్ ఆగితే పీట.

"దీపమెట్టే యేళకి ఇంట్లో లేకపోయేవో, రేపట్నుంచి లేదు" అంది అమ్మ. అక్కడితో తీర్మానమైంది.

మర్నాడు నిజంగానే రోడ్డు మీంచి వద్దామనుకున్నాను. ఆటో దారిలో మొరాయించింది. జంక్షన్లో దిగేసరికి సముద్రం వైపు ఆకాశం జీడి మరకలా ఉంది. గాలి మొదలైంది. రోడ్డు చుట్టి వెళ్తే ఇంటికి చేరేసరికి దీపం పెట్టేసి, ఆర్పేసి కూడా ఉంటారు. తోటవైపు చూశాను. లోపల అప్పుడే చీకటిగా ఉంది. మాస్టారి కళ్ళు, అమ్మ వేళ్ళు, తెల్ల తువ్వాలు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఏది పెద్ద భయమో తేల్చుకునే తీరిక లేదు, లోపలికి నడిచాను.

కొంతదూరం పోయాక ఎలాగో మొదలుపెట్టాను. "హెచ్-ఇ-ఎ-ఆర్..." ఉరిమింది. "బి-ఇ-ఎ-ఆర్..." ముందున్న పనసచెట్టు కింద చీకటి కాస్త కదిలినట్టనిపించింది. ఆగాను. ఎడమవైపు ఆకు విరిగింది. వెనక కూడా. ముసిలోళ్ళు గుంపులుగా తిరగరని నాన్నమ్మ చెప్పింది. అంటే ఇది ముసిలోడు కాదు. "హెచ్-ఇ-ఆర్-ఇ... ఇక్కడ... ఇక్కడ..." అని నా గొంతు దానంతటదే తిరుగుతోంది. పొదలోంచి చిన్న దగ్గు వినిపించింది, ఎవరో నోరు మూసినట్టు సగంలో ఆగిపోయింది. గాలికి బీడీ వాసన వచ్చింది.

ముసిలోడికి బీడీ ఉండదు. సిల్లంగిదానికీ ఉన్నట్టు అమ్మ చెప్పలేదు. చీకట్లో దాక్కుని, ఊపిరి బిగబట్టి, నా చుట్టూ ఉన్నది మనుషులు. నాన్నమ్మ చెప్పిన ఆ కుర్రోళ్ళు, మూడోరకం.

స్పెల్లింగులన్నీ పోయాయి. ఇంగ్లీషు మొత్తం పోయింది, ఇరవై ఆరు అక్షరాలూ. లోపల మిగిలింది ఒక్కటే, అదీ అనొద్దన్నది. అది నా అనుమతి తీసుకోలేదు, దానంతటదే బయటికొచ్చింది.

"ఓహో...య్!"

"ఓహోయ్!"

పొదలోంచి ఒకటి. పనసచెట్టు కిందనుంచి ఒకటి. నా వెనకనుంచి రెండు. చెట్టు పైనుంచి వణుకుతూ ఒకటి. ఎవరూ అనాలని అనలేదు. దాక్కున్నవాళ్ళు బదులివ్వకూడదని అందరికీ తెలుసు, దానికే కదా వచ్చారు. కానీ మా ఊళ్ళో పుట్టినవాడు ఓహోయ్ వింటే నోరు మూసుకోవడం కుదరదు. వాటిలో ఒక గొంతు నాకు పుట్టినప్పట్నుంచీ తెలిసింది.

"నాన్నా?"

"ఓలమ్మో, ఇది మన గుంట గదరా!"

టార్చిలు వెలిగాయి. సిల్లంగిదాన్ని పట్టడానికి పొంచి కూర్చున్న మా వీధివాళ్ళు. చేతుల్లో కర్రలు, ఒకాయన మెడలో పాత చెప్పుల దండ. మంత్రం తగలకుండా అది రక్షట. మా వీధి తాత జీడికొమ్మ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునున్నాడు. నాన్న చేతిలో ఉన్నది నాన్నమ్మ కర్ర. దాన్ని ఆయన చాలా పైకి ఎత్తి పట్టుకునున్నాడు. నేను ఇంకో రెండడుగులు వేసి ఉంటే అది ఎక్కడికి దిగేదో మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆయన కర్ర మెల్లగా దించి, దించిన తరువాత కూడా దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

"మరా మంత్రాలేటే?" అన్నాడు చెప్పుల దండాయన.

"స్పెల్లింగులు, పెదనాన్నా."

"సీ సీ అని ఉమ్ముతున్నావు?"

"ఒకటి సూడడం, ఒకటి సముద్రం."

"సూసేవేటి? సదువంట!" అన్నాడు కొమ్మమీది తాత. "నన్ను దింపండ్రా ముందు."

"ఎక్కినోడివి దిగలేవేటి తాతా?"

"ఎక్కింది నాను కాదురా, నా భయం. అది ఎలిపోయింది."

దారిలో నాన్న నా సంచీ తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు. గుమ్మం ముందు ఆగి, "మీ అమ్మకి నాను సెప్తానులే" అన్నాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. దీపం అప్పటికే పెట్టేశారు. ట్యూషన్ మాత్రం ఆగలేదు.

ఆ మర్నాటినుంచి జంక్షన్ దగ్గర నాన్నే ఉండేవాడు. ఆయన ఓహోయ్ అంటే తోటంతా పలికేది. నేను మొదలుపెట్టగానే పిక్కలేరేవాళ్ళు చెట్ల మధ్యనుంచి, "ఏటే సిల్లంగీ, ఈయేళ ముసిలోడికి సెవుందా లేదా?" అని అడిగేవారు. ఆ పేరు నాకు ఉండిపోయింది. నాన్న వాళ్ళకంటే గట్టిగా నవ్వేవాడు. కానీ పనసచెట్టు దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి పట్టుకునేవాడు, దాటాక వదిలేసేవాడు.

పరీక్ష టెక్కలిలో పడింది. నాన్న గేటు బయట నిలబడ్డాడు. లోపల ఫ్యాను మాస్టారి గదిలోలాగే కిటకిటలాడింది. బిట్ పేపరు తిప్పితే కళ్ళముందు అదే. గట్టిగా మాట్లాడు, నాకు వినబడట్లేదు అనే ఇంగ్లీషు వాక్యం, వినడం ఉండాల్సిన చోట ఖాళీ. ఖాళీలో పెట్టడానికి రెండు హియర్‌లు. నాకు పనసచెట్టు కింద చీకటి కనిపించింది, బీడీ వాసన వచ్చింది. చెవున్నదాన్ని పెట్టాను. ఆర్ కాస్త వంకరపోయింది, దిద్దలేదు.

పాసయ్యాను, కాస్త ఎక్కువ మార్కులతోనే. పలాస కాలేజీలో చేరాను, పీట అమ్మ ఒక్కదానికే మిగిలింది. ముసిలోడిని మాత్రం ఇంతవరకూ చూడలేదు.

ఆ బిట్టుకి అర మార్కు.